మినియేచర్ కుర్చీ కాళ్లు వంగి, ఆపై విరగడం: సమాధానం

పాలిమర్ క్లేతో (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) బొమ్మ కోసం చేసిన చిన్న కుర్చీకి కాల్చేటప్పుడు కాళ్లు వంగుతున్నాయని, తర్వాత విరుగుతున్నాయని అడిగారు. ఇవి రెండు వేర్వేరు లోపాలండీ. పాలిమర్ క్లే గట్టిపడేలోపు వేడికి మెత్తబడుతుంది, సన్నటి కాళ్లు సీటు బరువు మోయలేక వంగుతాయి. ప్రతి కాలిలో 1 మి.మీ. తీగ పెట్టి, పైకొసను ఎల్ ఆకారంలో వంచి సీటులో పొదగండి. తీగకు ముందే తెల్ల జిగురు పూసి ఆరనివ్వండి, లేకపోతే క్లే దానికి పట్టదు. సీటు కింద అట్టముక్కలు ఆనించి కాల్చండి.

విరగడం మాత్రం సరిగా కాలకే. ఓవెన్ డయల్‌ను నమ్మకండి, లోపల థర్మామీటర్ పెట్టండి. ప్యాకెట్ మీద 130 డిగ్రీలు, 30 నిమిషాలని ఉంటే అంతా ఉంచాల్సిందే. రంగు మాడుతుందని భయమైతే పైన ఫాయిల్ కప్పండి. చల్లారేదాకా కదపొద్దు.

అన్నట్టు, ఫిగర్‌ని, అంటే పీవీసీ ప్లాస్టిక్ బొమ్మని, కుర్చీలో కూర్చోబెట్టి కాల్చకండి, పీవీసీ వంకరపోతుంది.