ఎడారి ఎలుక, వరి బాక్టీరియా: నీ పోలిక గురించి

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. అమెరికా ఎడారుల్లో బతికే కంగారూ ఎలుకనీ, వరికి ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్ బాక్టీరియానీ పక్కపక్కన పెట్టడం మంచి ఊహే. కానీ సైజు, ఆయుష్షు, సంతానం అంటూ నువ్వు వేసిన పట్టిక తీసెయ్. వాటిలో తేడా ఉంటుందని ఎవరైనా చెబుతారు. ఒక్క ప్రశ్న పట్టుకో: ఎవరికి దేని కరువు?

ఎలుకకి గింజలున్నాయి, నీళ్లు లేవు. 100 గ్రాముల ఎండు బార్లీ ఒంట్లో ఖర్చయితే సుమారు 54 గ్రాముల నీరు పుడుతుంది. అరిజోనాలో ఈ ఎలుకల మీద శాస్త్రవేత్తలైన ష్మిట్-నీల్సన్ దంపతులు చేసిన పని చదువు. ఎలుక పగలు బొరియ దాటదు. ముక్కు చల్లగా ఉండడంతో ఊపిరిలోని ఆవిరి కొంత అక్కడే నీరై మిగులుతుంది. మూత్రం మనిషిదానికన్నా సుమారు నాలుగు రెట్లు చిక్కన. 'నీళ్లే తాగదు' అని మాత్రం రాయకు. వాళ్లు ఉత్త సోయా గింజలు పెట్టి చూశారు. ప్రోటీన్ ఎక్కువై, యూరియాను బయటికి పంపడానికి ఒంట్లో పుట్టే నీరు చాలలేదు. అప్పుడు సముద్రపు నీళ్లిచ్చినా తాగి నిలదొక్కుకుంది! వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, ఒక పేరా మొత్తం ఇవ్వు.

బాక్టీరియాది తిరగేసిన కథ. ఆకు అంచు రంధ్రాల్లోంచో గాయాల్లోంచో దూరి, మొక్క నీటిగొట్టాల్లో కాపురం పెడుతుంది. నీటికి కొదవ లేదు, తిండే పలచన. అందుకని తన ప్రోటీన్‌ను మొక్క కణంలోకి ఎక్కించి, చక్కెరను బయటికి వదిలే మొక్క 'స్వీట్' జన్యువును మీట నొక్కినట్టు నిద్రలేపుతుంది. మెరుగుపరచిన సాంబమసూరి (హైదరాబాద్‌లో తయారై 2008లో విడుదలైంది) ఈ తెగులును ఎందుకు తట్టుకుంటుందో ఇక్కడే చెప్పు. అందులో చేర్చిన మూడు జన్యువుల్లో ఎక్స్‌ఏ13 ఒకటి. అది ఉన్న మొక్కలో ఆ మీట పనిచేయదు.

పొలంలో గుర్తులూ రాయి. కొస నుంచి అంచుల వెంట అలల్లా గడ్డిరంగు, పొద్దున్నే పసుపు జిగురు బొట్లు. అనుమానముంటే ఆకు కోసి గాజుగ్లాసు నీళ్లలో వేలాడదీస్తే, కోసినచోట నుంచి తెల్లటి ధార దిగుతుంది. నారు కొసలు తుంచి నాటితే ఆ గాయాలే దారి. నత్రజని మోతాదు మించితే తెగులు ఉధృతమవుతుంది.

చివరి పేరాలో నువ్విచ్చిన మందులు శిలీంధ్రాలవి. బాక్టీరియా మీద పనిచేయవు, కొట్టేసి పంపు.