అతని ఫోన్‌కున్న బలం

ప్రశ్న: మేడమ్, నమస్తే. న్యూయార్క్ మాఫియా నాయకుడు ఫ్రాంక్ కాస్టెల్లో తుపాకీ పట్టకుండానే పైకొచ్చాడని ఒకచోట చదివాను. కాల్పులతోనే పదవులు మారే ముఠాల్లో అదెలా కుదిరింది? తర్వాత తన మీద కాల్పులు జరిపినవాడి పేరు చెప్పలేదట, ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: తరగతిలో చరిత్ర చెప్పిన రోజుల్లో కాస్టెల్లో గురించి ఎవరైనా అడిగితే ముందుగా బోర్డు మీద ఒక తేదీ రాసేదాన్ని. 1943 ఆగస్టు 24. ఆ రోజు పొద్దున్నే థామస్ ఆరేలియో అనే మేజిస్ట్రేటు కాస్టెల్లోకి ఫోన్ చేశాడు. న్యూయార్క్ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి పదవికి పార్టీ అభ్యర్థిగా ఆరేలియో పేరు అప్పుడే ఖాయమైంది. ‘గుడ్ మార్నింగ్ ఫ్రాన్సెస్కో, అన్నిటికీ థాంక్స్’ అన్నాడు. తన విధేయత ఎన్నటికీ చావదనీ అన్నాడు. ప్రాసిక్యూటర్ ఫ్రాంక్ హోగన్ మనుషులు ఆ లైన్ మీద చెవి పెట్టి ఉన్నారు. విషయం పేపర్లకెక్కింది. అయినా ఆరేలియో ఎన్నికల్లో గెలిచాడు, జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. కాస్టెల్లో ఎలా పైకొచ్చాడో ఆ ఒక్క ఫోన్ కాల్‌లోనే ఉంది.

అలాగని అతను మొదటి నుంచీ తుపాకీకి దూరంగా లేడు. 1891లో ఇటలీలోని కలాబ్రియాలో పుట్టాడు, అసలు పేరు ఫ్రాన్సెస్కో కాస్టీలియా. పసితనంలోనే ఈస్ట్ హార్లెమ్ చేరాడు, వయసొచ్చాక వీధి ముఠాల్లో తిరిగాడు. 1915లో తుపాకీతో దొరికి పది నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక మళ్లీ దాని జోలికి పోలేదంటారు. నేను ఆ మాటను పూర్తిగా నమ్మను. అతని పక్కనున్న లక్కీ లూచియానో లాంటివాళ్ల దగ్గర తుపాకులు దండిగా ఉండేవి. తన చేతిలో లేకపోయినా వాటి భయం అతనికి పనికొచ్చింది.

1920లో మద్యనిషేధం వచ్చింది. దొంగ మద్యం దేశంలోకి రావాలంటే ఓడలూ లారీలూ ఉంటే సరిపోదు, పోలీసులూ అధికారులూ కళ్లు మూసుకోవాలి. ఎవరి చేయి తడపాలో, ఎంత తడపాలో, ఎవరి ద్వారా తడపాలో తెలిసినవాడికే గిరాకీ. ఆ విద్య కాస్టెల్లోకి బాగా పట్టుబడింది. 1931లో పెద్ద నాయకులు మస్సేరియా, మరంజానో ఇద్దరూ హత్యకు గురయ్యారు. ముఠా లూచియానో చేతికి వచ్చింది, కాస్టెల్లో అతని సలహాదారు అయ్యాడు.

మద్యంతో పాటు స్లాట్ మెషిన్ల మీదా కాస్టెల్లో డబ్బు చేసుకున్నాడు. జూదం కాదు, మిఠాయి అమ్మే యంత్రం అని చూపించడానికి వాటిలోంచి పిప్పరమెంటు బిళ్లలు వచ్చేలా పెట్టారు. 1934లో మేయరైన లాగార్డియా స్వయంగా సమ్మెట తీసుకుని వాటిని పగలగొట్టాడు. కాస్టెల్లో మెషిన్లను న్యూ ఆర్లీన్స్‌కు తరలించాడు. లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్ తనను రమ్మన్నాడని తర్వాత తనే చెప్పాడు. ఒక ఊళ్లో రాజకీయం తలుపు మూస్తే ఇంకో ఊళ్లో రాజకీయమే తెరిచింది.

నాయకుడి కుర్చీ మాత్రం వరసగా అందరూ ఖాళీ చేయడంతో దక్కింది. 1936లో లూచియానోకు 30 నుంచి 50 ఏళ్ల శిక్ష పడింది. తర్వాతి స్థానంలో ఉన్న వీటో జెనోవేసే ఒక హత్యకేసుకు భయపడి 1937లో ఇటలీ పారిపోయాడు. మిగిలింది కాస్టెల్లో. అప్పటికే టామనీ హాల్‌లో, అంటే నగర డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగంలో, అతని పైరవీ గట్టిగా నడుస్తోంది. తర్వాత మేయరైన విలియం ఓడ్వయర్ కూడా 1942లో అతని ఇంటికి వెళ్లాడు. మిగతా ముఠాల వాళ్లు ఇతన్ని గౌరవించింది ఈ పలుకుబడి చూసే. ఏ పోలీసు అధికారితో పనిపడ్డా, ఏ కోర్టులో చిక్కుపడ్డా మాట సాయానికి కాస్టెల్లో దగ్గరికే రావాలి. ముఠా నాయకుల కథ చెప్పేవాళ్లు హత్యలనే వర్ణిస్తారు, ఆరేలియో లాంటివాళ్లను వదిలేస్తారు. నాకు అక్కడే బాధ.

1951 మార్చిలో ముఠా నేరాల మీద సెనేటర్ కెఫావర్ కమిటీ జరిపిన విచారణను టీవీలో చూపించారు. తన ముఖం చూపించొద్దని కాస్టెల్లో అన్నాడు కాబట్టి కెమెరా అతని చేతుల మీద నిలిచింది. ఆ ఫిల్మ్ నేను చూశాను. వేళ్లు కుదురుగా ఉండవు, టెన్షన్ అంతా అక్కడే కనిపిస్తుంది. దేశానికి ఏం చేశావని అడిగితే ‘పన్ను కట్టాను’ అన్నాడు. విచారణ మధ్యలో లేచి వెళ్లిపోయినందుకు 18 నెలల శిక్ష పడింది. 1954లో పన్ను ఎగవేత కేసులో ఐదేళ్లు. తెర వెనక నడవాల్సిన పైరవీకారుణ్ని దేశమంతా చూసేసింది. ఇక ఏ నాయకుడు అతని ఫోన్ ఎత్తుతాడు?

ఇక మీ రెండో ప్రశ్న. 1957 మే 2 రాత్రి సెంట్రల్ పార్క్ దగ్గర కాస్టెల్లో తన అపార్ట్‌మెంట్ లాబీలోకి వస్తుంటే జెనోవేసే మనిషి విన్సెంట్ జిగాంటే కాల్చాడని కేసు. తల తిప్పడం వల్ల తూటా చర్మాన్ని గీసుకుంటూ పోయింది. కోర్టులో మాత్రం కాస్టెల్లో తను ఎవరినీ చూడలేదన్నాడు, జిగాంటే నిర్దోషిగా బయటికొచ్చాడు. పేరు చెబితే ముఠా కట్టుబాటు తప్పినట్టు, మళ్లీ కాల్పులు తప్పవు. ఇటలీ నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన జెనోవేసేకు కావలసింది ఆ కుర్చీయే. కాస్టెల్లో దాన్ని వదిలేశాడు. రెండేళ్లకే జెనోవేసేకు మాదకద్రవ్యాల కేసులో 15 ఏళ్లు పడ్డాయి, 1969లో ఖైదీగానే చనిపోయాడు. కాస్టెల్లో 1973 ఫిబ్రవరిలో మన్‌హాటన్‌లో గుండెపోటుతో పోయాడు. అప్పటికి అతని వయసు 82.