జర్మన్‌లో పెళ్లికాని మహిళని ‘ఫ్రాయ్‌లైన్’ అనాలా, ‘ఫ్రౌ’ అనాలా?

యూనివర్సిటీ కోఆర్డినేటర్‌కి మెయిల్ రాయాలి, ఆవిడకి పెళ్లయిందో లేదో తెలీదు అన్నారు. తెలియక్కర్లేదండీ. ‘ఫ్రౌ’ అని రాసేయండి. పద్దెనిమిదేళ్ల అమ్మాయికైనా, పెళ్లి చేసుకోని ఎనభయ్యేళ్ల ఆవిడకైనా అదే.

పాత పాఠ్యపుస్తకాలు ఫ్రౌ అంటే శ్రీమతి, ఫ్రాయ్‌లైన్ అంటే కుమారి అని నేర్పాయి. చిక్కంతా అక్కడే. ఫ్రౌ అంటే స్త్రీ. ‘మైనె ఫ్రౌ’ అంటే మాత్రం మా ఆవిడ. ఇంటిపేరు ముందు వస్తే వట్టి మర్యాద మాట, పెళ్లి ఊసే ఉండదు. దానికి ‘లైన్’ తగిలిస్తే వచ్చేదే ఫ్రాయ్‌లైన్; ‘చిన్న’ అనే అర్థం వచ్చి, వ్యాకరణంలో నపుంసకలింగం కూడా అయిపోతుంది: ‘డాస్ ఫ్రాయ్‌లైన్’. మగవాడేమో పెళ్లికి ముందూ తర్వాతా ‘హెర్’ (శ్రీ) మాత్రమే! ఆడవాళ్లు అభ్యంతరపెట్టింది దీనికే. 1972లో పశ్చిమ జర్మనీ హోంశాఖ ప్రభుత్వ ఉత్తరాల్లో ఫ్రాయ్‌లైన్‌ని ఆపించింది. ఇప్పుడది అల్లరి చేసే కూతుర్ని తల్లి గదమాయించేటప్పుడు వినబడే మాట. మీ మెయిల్‌లో కనబడితే ఎలా ఉంటుందో చూసుకోండి. హోటల్లో పిలవడానికీ వద్దు, ‘ఎంట్‌షుల్డిగుంగ్’ (క్షమించండి) అంటే చాలు.

మెయిల్ ఇలా మొదలుపెట్టండి: ‘జేర్ గేయేర్టె ఫ్రౌ’ (గౌరవనీయులైన ఫ్రౌ), ఇంటిపేరు, కామా. మగవారికి ‘జేర్ గేయేర్టెర్ హెర్’. ‘గేయేర్టెర్’ చివరి ‘ర్’ వదిలేస్తే తప్పు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కామా తర్వాతి వరుస చిన్న అక్షరంతో మొదలవ్వాలి (మొదటి మాట నామవాచకమైతే తప్ప). ఇంగ్లిష్ అలవాటుతో మనవాళ్లు పెద్దక్షరం పెట్టేస్తారు. పీహెచ్‌డీ ఉంటే ‘ఫ్రౌ డాక్టర్’, ఆపైన ఇంటిపేరు. పేరును బట్టి ఆడో మగో తేలకపోతే ‘గూటెన్ టాక్’ (నమస్కారం) అని పూర్తి పేరు రాయండి.

మన పేర్లతో ఇంకో తంటా ఉంది. మెయిల్ కింద ‘కొండపల్లి లక్ష్మి’ అని సంతకం చేస్తే, చివర ఉన్నదే ఇంటిపేరనుకుని ‘ఫ్రౌ లక్ష్మి’ అని జవాబు రాస్తారు. ‘లక్ష్మి కొండపల్లి’ అని తిప్పి రాయండి, స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

ఫారాల్లో ‘అన్‌రేడె’ (సంబోధన) అన్నచోట ఫ్రౌ ఎంచుకోండి. పెళ్లి సంగతి కావాల్సిన ఆఫీసు దాన్ని ‘ఫమీలియెన్‌ష్టాండ్’ అనే వేరే గడిలో అడుగుతుంది. పెళ్లికాకపోతే అక్కడ ‘లేడిష్’.