అమ్మ చాటున ఎన్నాళ్లు?

ప్రశ్న: నా వయసు 24. మాది గుంటూరు జిల్లా. పొలం తాకట్టు పెట్టి లోన్ తీసి నాన్న నన్ను ఎంఎస్‌కి టెక్సస్ పంపారు. రెండో సెమిస్టర్. ప్రొఫెసర్ల యాస అందదు, క్లాసులో నోరు పెగలదు. జీపీఏ, అంటే మార్కుల సగటు, 2.7కి పడిపోయి ప్రొబేషన్‌లో (మార్కులు పెంచుకోవాలన్న హెచ్చరిక కింద) పెట్టారు. స్నేహితుడి అసైన్‌మెంట్ కోడ్ వాడానని విచారణకు రమ్మన్నారు. అద్దె కోసం రాత్రిళ్లు ఓ స్టోర్‌లో క్యాష్‌కి పనిచేస్తున్నా. ఆదివారం వీడియో కాల్‌లో స్టోర్ టీషర్టు కనపడకుండా పైన స్వెటర్ వేసుకుంటా. అమ్మకు అన్నీ తెలుసు. ‘నాన్నకు స్టెంట్ వేశారు, చెప్పకు’ అంటోంది. ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తోంది. వేరే యూనివర్సిటీకి మారితే బాగుపడతానా?

జవాబు: బాబూ, ముందు ఆ ‘ఎందుకీ బతుకు’ సంగతి. ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండకు. రూమ్మేట్‌ని లేపు, ఇలాంటి ఆలోచనలొచ్చినవాళ్లకు సాయపడే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి. అమెరికాలో ఏ వేళ చేసినా పలుకుతారు. మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి రేపే వెళ్లు.

యూనివర్సిటీ మారడమంటావా, వద్దు. ఈ మార్కులు నీ వెంటే వస్తాయి. యాస వినగా వినగా అలవాటవుతుంది. అర్థం కానిది ఆఫీస్ అవర్స్‌లో, అంటే ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం కేటాయించే వేళల్లో, వెళ్లి అడుగు, అక్కడ దాన్నెవరూ చిన్నతనంగా చూడరు.

నీ ఉత్తరంలో నన్ను కుదిపింది ఆ స్వెటర్. కన్నతండ్రి ముందు వేషం వేసుకుని కూర్చుంటున్నావు. మన ఇళ్లలో తండ్రికి చేరే ప్రతి మాటా తల్లి వడగట్టాకే చేరుతుంది. ఇంటర్‌లో మార్కులు తగ్గినప్పుడూ మీ ఇంట్లో ఇదే జరిగి ఉంటుంది. ఇప్పుడూ ఆవిడ కొంగుచాటునే నిలబడితే ఆయనకు నీమీద గౌరవం ఎలా కలుగుతుంది? అసలు నీకే నీమీద ఎలా ఉంటుంది? స్టెంట్ వేసుకున్న మనిషికి కొడుకు సంగతి చెప్పొద్దని ఏ డాక్టరూ అని ఉండడు. అది మీ అమ్మ భయం. ఆవిడ ప్రేమను శంకించను గానీ, ఈ విషయంలో ఆవిడ మాట వినొద్దనే అంటాను. నీ వీసా పోతే బ్యాంకువాళ్లు వచ్చేది ఆయన గుమ్మంలోకి. పొలం పెట్టినవాడికి పొలం ఏమవుతోందో తెలియొద్దా? అది ఆయనకు ఊళ్లోవాళ్ల నోట తెలిస్తే, ఆ అవమానం నీ మార్కుల కంటే పెద్ద దెబ్బ.

స్టోర్ పని ఈ రోజే మానెయ్యి. ఎఫ్-1 వీసా (నీ స్టూడెంట్ వీసా) మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి చేయకూడదు. బయట అనుమతి లేని పని, క్యాష్‌కి చేసినా తప్పే. జరిగిన దాని గురించి ఇంకెక్కడా నోరు జారకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలువు. మరి అద్దె ఎలాగంటావు. అందుకే నాన్నకు చెప్పమంటున్నాను. ఆయనకు తెలిస్తేనే ఇల్లంతా కలిసి ఏదో దారి చూస్తుంది.

మన కాలేజీల్లో ఒకరి రికార్డు ఒకరు చూసి రాసుకోవడం స్నేహం. అక్కడ అది దొంగతనం కింద లెక్క. విచారణలో బొంకకు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతులు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసును అడగకుండా ఏ సబ్జెక్టూ డ్రాప్ చేయకు, కోర్సులు తగ్గితే వీసాకే ముప్పు.

ఆదివారం దాకా ఆగొద్దు. అమ్మకు ఫోన్ చేసి, నాన్నతో నేనే మాట్లాడతాను, నువ్వు ఆయన పక్కన కూర్చో అని చెప్పు. మార్కులు, విచారణ, స్టోర్, అద్దె, అన్నీ ఒక్కసారే చెప్పు. ఆయన కేకలేస్తే వేయనీ, ఫోన్ మాత్రం పెట్టేయకు.