ఒంట్లో బాగానే ఉంది, మరి గర్భంతో ఉండగా బీపీ ఎందుకొచ్చింది?

ప్రశ్న: నా వయసు 27. తొలి కాన్పు. ఇప్పుడు 28వ వారం. మొదట్లో 110/70 ఉన్న బీపీ నిన్న చెకప్‌లో 146/94 వచ్చింది. నాలుగు గంటలు ఆగి చూసినా 142/92 ఉంది. డాక్టరమ్మ ‘రక్తనాళాలు బిగుసుకుంటున్నాయి’ అని చెప్పి రక్త, మూత్ర పరీక్షలతో పాటు లబెటలాల్ మాత్రలు రాశారు. నాకు తలనొప్పి కూడా లేదు. టెన్షన్ వల్ల వచ్చిందేమో, మాత్రలు మానేసి కొన్నాళ్లు చూడొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మాత్రలు మానకండమ్మా. మీరు టెన్షన్ పడినందువల్ల వచ్చిన బీపీ కాదిది.

గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. అయినా నాలుగైదు నెలలప్పుడు బీపీ కాస్త తగ్గుతుంది. రక్తనాళాల లోపలి పొరే అందుకు కారణం. ఒకే వరస కణాలతో ఉండే ఆ పలుచని పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై నాళాలను వదులు చేస్తుంది. అటు గర్భసంచిలో మాయ (ప్లాసెంటా) కణాలు మెలికలు తిరిగిన సన్నని ధమనుల్లోకి చొచ్చుకెళ్లి, వాటి గోడల్లోని కండరాన్ని తీసేసి వెడల్పు చేస్తాయి. బిడ్డకు రక్తం ధారాళంగా అందేది అప్పుడే.

కొందరిలో ఈ పని సగంలోనే ఆగిపోతుంది. రక్తం చాలని మాయ కొన్ని ప్రొటీన్లను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. వాటి వల్ల ఆ లోపలి పొర దెబ్బతిని, నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. అంటే నిన్న మిషన్‌లో కనిపించినదానికి బీజం ఎన్నో వారాల కిందటే పడి ఉండొచ్చు. ఇందులో మీ తప్పు రవ్వంత కూడా లేదు.

పొర దెబ్బతింటే నాళాలు కారతాయి కూడా. కిడ్నీలో కారితే మూత్రంలో ప్రొటీన్ పోతుంది. అలా పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటాం. ప్రొటీన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్ష లోపు పడిపోతే, కాలేయం ఎంజైములు బాగా పెరిగితే కూడా అదే. ఒంట్లో బాగానే ఉందనిపిస్తున్నప్పుడు కూడా ఇవన్నీ లోపల జరుగుతుండొచ్చు, అందుకే మీకు అన్ని పరీక్షలు రాశారు.

మాత్ర బీపీని అదుపులో ఉంచి మిమ్మల్ని పక్షవాతం నుంచి కాపాడుతుంది. జబ్బు మూలాన్ని మాత్రం తీసేయలేదు. మాయ బయటికొచ్చాకే అది తగ్గుముఖం పడుతుంది. లబెటలాల్ గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న మందే, భయం వద్దు. బిడ్డ ఎదుగుదల, బిడ్డకు రక్తం అందే తీరు చూడటానికి డాప్లర్ స్కాన్ చెబితే చేయించుకోండి. ఉప్పు పూర్తిగా మానేయాల్సిన పని లేదు.

ఇంట్లో రోజూ బీపీ చూసుకోండి. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. వచ్చిన అంకె రాసిపెట్టుకోండి. పై అంకె 160కి గానీ, కింది అంకె 110కి గానీ చేరినా, విడవని తలనొప్పి, కళ్లముందు మెరుపులు, కుడివైపు డొక్కలో నొప్పి, ఆయాసం ఉన్నా, ఉంగరం తీయలేనంతగా చేతులు, ముఖం ఒక్కసారిగా వాచినా, బిడ్డ కదలికలు తగ్గినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.

కాన్పయ్యాక కూడా కొన్ని రోజులు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆరు వారాల దాకా బీపీ చూపించుకుంటూ ఉండాలి. ఇప్పుడైతే ఆ రిపోర్టులు వచ్చిన రోజే మీ డాక్టరమ్మకు చూపించండి, వచ్చే చెకప్ దాకా ఆగొద్దు.