కన్వర్టర్ పోయిందంటున్నారు, బాగు చేయించాలా బండే మార్చాలా?

ప్రశ్న: మా మినీవ్యాన్‌కి పదకొండేళ్లు, పెట్రోల్ బండి. లోన్ ఎప్పుడో తీరిపోయింది. రెండు నెలలుగా చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతూనే ఉంది, ఈమధ్య ఎత్తు ఎక్కేటప్పుడు అసలు లాగడం లేదు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు మెకానిక్. ఆయన చెప్పిన ఖర్చు, ఇప్పుడు బండి అమ్మితే వచ్చేదాంట్లో మూడో వంతు ఉంది. ఇంత పాత బండి మీద అంత పోయడం దండగ, లోన్ మీద కొత్తది తీసుకుందాం అంటున్నారు మావారు. మూడు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ వారం రెండూ చేయకండి. కన్వర్టర్‌కీ డబ్బు కట్టొద్దు, లోన్‌కీ సంతకం పెట్టొద్దు. ముందు కొంచెం డబ్బు పెట్టి ఆ కన్వర్టర్ నిజంగా పోయిందా, పోతే ఎందుకు పోయిందో తేల్చుకోండి. నేను డబ్బు లెక్కలు చూసేవాణ్ణే కానీ మెకానిక్‌ని కాదు, అయినా ఈ విషయంలో ఒకసారి నా చెయ్యి బాగా కాలింది కాబట్టి చెబుతున్నాను.

మా బండికీ ఇలాగే అయింది. కన్వర్టర్ మార్చేశారు, డబ్బు కట్టాను, హాయిగా ఉంది అనుకున్నాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి మళ్లీ అదే లైటు, అదే నీరసం. అసలు జబ్బు స్పార్క్ ప్లగ్గుకి కరెంటు పంపే ఒక ఇగ్నిషన్ కాయిల్‌లో ఉందట, కన్వర్టర్ ఖర్చులో పదో వంతు కూడా కాదు అది. ఆ సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండక పచ్చిగానే వచ్చి కన్వర్టర్ లోపల మండుతోంది, పాతదాన్ని చంపింది అదే, కొత్తదాన్నీ అదే చంపింది. మొదటిసారి ఎవరూ చూడలేదు. అడగాలని నాకూ తెలియలేదు.

కన్వర్టర్ తనంతట తాను అరిగిపోవడం తక్కువండీ. దాని లోపల తేనెపట్టు లాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది, దానికి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌నీ, మండకుండా మిగిలిన పెట్రోల్‌నీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ తక్కువ హాని చేసే వాయువులుగా మార్చడం దాని పని. ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోతుంటే, కన్వర్టర్ లోపల వేడి పెరిగిపోయి ఆ సిరామిక్ కరిగి గడ్డకడుతుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ వచ్చి ఆ లోహాల పూత మీద పేరుకుంటుంది. ఇంజిన్ పైభాగంలో సీలులా ఉండే హెడ్ గాస్కెట్ దగ్గర కూలెంట్ కారి సిలిండర్ లోపలికి పోయినా ఇదే గతి. కాబట్టి "కన్వర్టర్ పోయింది" అనేది సగం జవాబే, మిగతా సగం కోసం ప్లగ్గులు, కాయిల్స్ చూడమనండి, రెండు సర్వీసుల మధ్య ఆయిల్ ఎంత తగ్గుతోందో డిప్‌స్టిక్ తీసి మీరే చూసుకోండి, కూలెంట్ ట్యాంక్‌లో మట్టం తగ్గుతోందేమో కూడా.

అసలు పోయిందని ఎలా తెలిసిందో అడిగారా? స్కానర్ పెడితే పీ0420 అనే కోడ్ వచ్చింది కాబట్టి పోయిందంటే ఒప్పుకోకండి. కన్వర్టర్ తర్వాత ఉండి పొగలో ఆక్సిజన్‌ని కొలిచే సెన్సార్ రీడింగ్ బట్టి కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తున్నట్టు లేదు అని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. సెన్సార్ ముసలిదైపోయినా, దాని ముందు పైపులో పొగ లీకవుతున్నా అదే కోడ్ రావచ్చు. ఈ రెండూ చాలావరకు కన్వర్టర్ కంటే చవకలో పోతాయి.

మీ బండిలో ఇంకో సూచన ఉంది, ఎత్తులో లాగకపోవడం. కన్వర్టర్ మూసుకుపోతే పొగ బయటికి పోలేక ఇంజిన్ ఊపిరాడనట్టు అయిపోతుంది, వ్యాన్ నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు అది ముందుగా బయటపడుతుంది. కానీ ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయినా బండి ఇలాగే నీరసిస్తుంది కదా. అందుకే కన్వర్టర్‌కి ముందువైపున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టి పొగ ఎంత వెనక్కి తంతోందో చూడమనండి, పెద్ద పనేం కాదు. బండి చల్లారాక కన్వర్టర్‌ని రబ్బరు సుత్తితో మెల్లగా తట్టితే లోపల డబ్బాలో రాళ్లు ఆడినట్టు గలగలమంటే సిరామిక్ విరిగిందని అర్థం. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే అదీ చెప్పండి.

ఎస్టిమేట్ కాగితం కూడా ఒకసారి బయటికి తీయండి. వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్ ఉన్న మినీవ్యాన్లలో చాలావాటికి ఒకటి కంటే ఎక్కువ కన్వర్టర్లుంటాయి, వెనకవైపుది ఇంజిన్‌కీ డ్యాష్‌బోర్డ్ ముందున్న గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి కూలీ ఎక్కువ. ఏది పోయింది, ఒకటా అన్నీనా, పార్ట్ ఎంత, కూలీ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ఇంకో షెడ్డులో కూడా ఎస్టిమేట్ తీసుకోండి. పాత కన్వర్టర్‌లో ఆ ఖరీదైన లోహాలు ఇంకా ఉంటాయి, దొంగలు బండి కిందికి దూరి కోసుకెళ్లేది అందుకే. కాబట్టి పాతది మీకు ఇవ్వమనండి, లేదా దాని విలువ బిల్లులో తగ్గించమనండి. ఊరికే వదిలేయకండి!

మరీ చవక పార్ట్ జోలికి పోవద్దు, వాటిలో పూత పలచగా ఉండి కొన్నాళ్లకే లైటు మళ్లీ రావచ్చు, కూలీ రెండోసారి మీదే. కన్వర్టర్ పీకేసి ఉత్త పైపు పెట్టిస్తామనేవాళ్లు కూడా తగులుతారు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, పొల్యూషన్ పరీక్షలో బండి ఫెయిలవుతుంది. ట్యాంకులో పోసే సీసా మందులు కరిగిన సిరామిక్‌ని బాగు చేయలేవు.

ఇక మీవారి మాట. బండి అమ్మకం ధరతో రిపేరు ఖర్చును పోల్చడం చాలామంది చేసేదే, నాకు మాత్రం అది తప్పు లెక్క అనిపిస్తుంది. మీరు బండి అమ్ముకోవడానికి కాదుగా ఉంచుకుంది. రిపేరు ఖర్చును కొత్త బండి ఈఎమ్ఐతో భాగించండి, ఎన్ని నెలలొస్తుందో చూడండి. డౌన్ పేమెంటూ, పెరిగే ఇన్సూరెన్సూ కలపకుండానే అది నాలుగైదు నెలలకు మించకపోతే, ఇంజిన్, గేర్‌బాక్స్ బాగుంటే, రిపేరే చేయించండి. బండి ఇంకో ఏడాదిన్నర నడిచినా మీకు లాభమే. లైటు వెలుగుతుండగా అమ్మబోతే, కొనేవాడు రిపేరు ఖర్చు కంటే ఎక్కువే తగ్గించి అడుగుతాడు, అదొక నష్టం. అయితే ఇంజిన్ విపరీతంగా ఆయిల్ తాగుతోందని తేలినా, గేర్‌బాక్స్ కూడా జారుతోందన్నా మీవారిదే రైటు. అప్పుడు కొత్త కన్వర్టర్ కూడా ఎన్నాళ్లో నిలవదు. అయినా వెంటనే కొత్తది కాదు, మూడు నాలుగేళ్లు వాడిన వ్యాన్ చూడండి.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా, అత్యవసర నిధి నుంచే తీయండి. అది ఉన్నది ఇలాంటివాటికే. క్రెడిట్ కార్డు మీద గీకి మినిమమ్ కట్టుకుంటూ పోతే మాత్రం వడ్డీ కలిసి రిపేరు ఖర్చు ఇంకా పెరిగిపోతుంది. తర్వాత కొత్త బండి కొని ఉంటే కట్టాల్సిన ఈఎమ్ఐలో సగం చొప్పున నెలనెలా ఆ నిధిలో వేస్తూ పోండి. నిండాక కూడా ఆపకండి, పదకొండేళ్ల బండి కదా, ఇదే ఆఖరి రిపేరని నేను హామీ ఇవ్వలేను.

ఈ పరీక్షలు అయ్యేలోపు బండి తక్కువ తిప్పండి, ఎండుగడ్డి మీద ఆపకండి, బాగా వేడెక్కిన కన్వర్టర్ గడ్డిని అంటించగలదు. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా కాకుండా టపటపా ఆరి వెలుగుతోందంటే మిస్సింగ్ గట్టిగా ఉన్నట్టే, పక్కకు తీసి ఆపేసి టోయింగ్‌కి ఫోన్ చేయండి.