కత్తి ముక్కు పడవ మన ఒడ్డుకి పనికొస్తుందా?

ప్రశ్న: కెరటం మీదికి ఎక్కకుండా దాన్ని చీల్చుకుంటూ పోయే జంట హల్ (నీళ్లలో తేలే పడవ ఒడలు) పడవల వీడియోలు చూశాం. ముందు భాగం కత్తిలా ఉంది. మా 30 అడుగుల ఫైబర్ బోటు బదులు అలాంటిది కట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: వేటకైతే వద్దండి. వేగానికి వంక పెట్టలేం. ఇబ్బందల్లా బరువుతోనూ, ఒడ్డు చేరడంతోనూ.

9 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు బోటుకి, ముక్కు వైపు సన్నబడుతుంది గనక, నీటి మట్టం దగ్గర వైశాల్యం సుమారు 13.5 చదరపు మీటర్లు. అది నీళ్లలోకి సెంటీమీటరు దిగాలంటే 138 కిలోలు పడాలి. అదే పొడవులో 60 సెంటీమీటర్ల వెడల్పున్న సన్నటి హల్‌లు రెండైతే కలిపి ఏడున్నర చదరపు మీటర్లే, 77 కిలోలకే సెంటీమీటరు దిగుతాయి. వల, ఐసు, చేప కలిపి 500 కిలోలైతే మూడున్నర సెంటీమీటర్లు దిగాల్సింది ఆరున్నర దిగుతుంది. ఆ మేరకు రెండు హల్‌లనీ కలిపే బల్ల నీటికి దగ్గరై, కెరటం కింద నుంచి గుద్దుతుంది. ఈ పొడవు పడవకి నిండు బరువుతో కూడా బల్లకీ నీటికీ మధ్య ఖాళీ అర మీటరుకి తగ్గకూడదు.

అసలు ప్రమాదం తిరిగొచ్చేటప్పుడు. మనకి జెట్టీ లేదు, కెరటాల మీదుగానే ఇసుకకి ఎక్కించాలి. వెనక నుంచి వచ్చే కెరటం తోకని లేపితే మామూలు బోటుకి వెడల్పాటి ముందు భాగం ఆసరా ఇస్తుంది. కత్తి ముక్కులో ఆ తేలే బలం తక్కువ. అది నీళ్లలోకి దూరి ఆగుతుంది, తోక పక్కకి తిరుగుతుంది, పడవ కెరటానికి అడ్డం పడుతుంది. ఇసుక మీద రెండు సన్నటి అడుగులూ కూరుకుపోతాయి కూడా.

మన తెప్ప ముక్కు మునిగినా భయం లేదు, దుంగల సందుల్లోంచి నీరు జారిపోతుంది. బోలు హల్‌కి ఆ సౌకర్యం లేదు. కట్టించే తీరాలంటే ముక్కు నుంచి మీటరున్నర దాకా నీరు చొరని అడ్డుగోడ పెట్టి ఫోమ్ నింపించండి. నీటి మట్టానికి పైన హల్‌ని బయటికి వెడల్పు చేయించండి. చేపల పెట్టె నడుమకి కాస్త వెనకే ఉండాలి.

ప్రశ్న: మరి ఈ కత్తి ముక్కు పెద్ద ఓడలకి ఎలా పనికొస్తోంది?
– పూసపాటిరేగ

జవాబు: ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో ఓడలు కట్టే ఇన్‌క్యాట్ కంపెనీ వాళ్లు రెండు హల్‌ల నడుమ, నీటికి పైన, మూడో ముక్కు పెడతారు. మామూలు సముద్రంలో అది నీటిని తాకదు, పెద్ద కెరటం వస్తే తేల్చుతుంది. వాళ్ల 74 మీటర్ల ‘హోవర్‌స్పీడ్ గ్రేట్ బ్రిటన్’ 1990లో 3 రోజుల 7 గంటల 54 నిమిషాల్లో అట్లాంటిక్ దాటింది. 2008లో దాదాపు 61 రోజుల్లో భూమి చుట్టొచ్చిన 24 మీటర్ల ‘ఎర్త్‌రేస్’ కూడా కెరటాన్ని చీల్చేదే, కానీ మూడు హల్‌లది. అది రికార్డు కోసం కట్టిన పడవ, సరుకు కోసం కాదు.

ప్రశ్న: నమూనా చేసి మా పెద్ద చెరువులో పరీక్షించొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విజయనగరం

జవాబు: భేషుగ్గా. పదో వంతు నమూనాకి పొడవు 90 సెంటీమీటర్లు. బరువు మాత్రం వెయ్యో వంతు: 2 టన్నుల పడవకి 2 కిలోలు. చాలామంది తప్పేది ఇక్కడే, బరువుని కూడా పదితోనే భాగిస్తారు. వేగాన్ని 3.16తో (పదికి వర్గమూలం) భాగించాలి, 12 నాట్లకి సెకనుకి సుమారు 1.95 మీటర్లు. మీటరు కెరటానికి 10 సెంటీమీటర్లు. ముందు ఎదురు కెరటంలో నడపండి, బాగానే పోతుంది. తర్వాత వెనక కెరటంలో నడిపి, ముక్కు మునుగుతుంటే లోపలి బరువుని రెండేసి సెంటీమీటర్లు వెనక్కి జరుపుతూ చూడండి.